ముగింపు తెలియని మాటలు

సినిమాలో కథానాయిక గుడికి పరిగెత్తుకొస్తుంది. జుట్టు విడిపోయి ఉంటుంది గానీ బొట్టు మాత్రం చెదరదు. అమ్మవారి ముందు నిలబడి నాలుగు చరణాల పాట అందుకుంటుంది. మూడో చరణంలో గాలివాన మొదలవుతుంది. నాలుగో చరణంలో గుడిగంటలు వాటంతటవే మోగుతాయి. అక్కడ ఆస్పత్రిలో భర్త కాలి బొటనవేలు కదులుతుంది. డాక్టరుగారు కళ్ళజోడు తీసి, ఇది మా శాస్త్రానికి అందని సంగతి అంటారు. మనం కళ్ళు తుడుచుకుని, సీటు కింద చెప్పులు వెతుక్కుని ఇంటికొచ్చేస్తాం.

ఈ దృశ్యమంటే నాకు ఒళ్ళుమంట. నేను పూజలూ పునస్కారాలూ చేసే మనిషిని కాను కాబట్టి ఆ మంట అనుకుంటారేమో. అదేం కాదు. నాది నవలలు రాసుకునే మనిషి ఫిర్యాదు. ఆ నాలుగు చరణాలు పాడుతున్నంతసేపూ ఆ అమ్మాయికి భర్త బతుకుతాడో లేదో తెలియదు. మనకి తెలుసు, దర్శకుడికి తెలుసు, గంటలకు తాడు కట్టి లాగినవాడికి తెలుసు. తెలియనిది ఆమె ఒక్కతికే. ఆ తెలియనితనంలో ఆమె మనసు ఏం చేస్తోందన్నదే అక్కడ చూడవలసిన సంగతి. సరిగ్గా దాన్నే మనకి చూపించరు!

మన సీరియళ్ళు, అచ్చులో వచ్చేవైనా టీవీలో వచ్చేవైనా, ఇంతకంటే మెరుగేమీ కాదు. మొక్కు మొక్కితే ఫలితం రావాలి. రాకపోతే కథానాయకుడు గర్భగుడి ముందు నిలబడి నువ్వు దేవుడివి కాదు, రాయివి అని అరవాలి. ఒకటి ఆస్తికుల కథ, రెండోది నాస్తికుల కథ అనుకుంటాం గానీ, రెండింటిలోనూ ప్రార్థన అంటే కౌంటరు దగ్గర డబ్బు కట్టి రసీదు కోసం చెయ్యి చాపడమే.

దేవుడు ఉన్నాడా లేడా అన్న ప్రశ్నను కాసేపు గూట్లో పెట్టేద్దాం. అది ఎన్నాళ్ళయినా పాడవని సరుకు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. చేతులు జోడించి నిలబడ్డ మనిషి మాత్రం మన కళ్ళముందే ఉంది. ఆమె ఏం మాట్లాడుతోంది? ఎవరికీ చెప్పనిది ఇక్కడ ఎందుకు చెబుతోంది? చెప్పాక ఆమెకేమవుతోంది? ఈ ప్రశ్నలకు భక్తి అక్కర్లేదు, కాస్త చెవి ఉంటే చాలు.

చెవి అన్నాను కాబట్టి చెబుతున్నాను, మేముండేది యాకుత్‌పురాలో. ప్రార్థనలు వినాలంటే ఇంతకన్నా అనువైన పేట ఇంకోటుండదు, తెల్లవారుజామున నిద్రపోవాలంటే మాత్రం అంత అనువు కాదు. ఒక మసీదులో మొదలైన అజాను ఇంకో మసీదు అందుకుంటుంది. అది అయ్యేలోపల ఫలక్‌నుమా వైపు వెళ్ళే రైలు కూత వేస్తుంది. ఆషాఢంలో బోనాలొస్తే అమ్మవారి గుడి మైకులు. మొహర్రం నెలలో పక్కనే ఉన్న దబీర్‌పురాలో బీబీ కా అలావా దగ్గర గుండెలు బాదుకునే మాతం. కొత్తగా వచ్చిన చుట్టాలు ఇంత చప్పుడులో ఎలా రాస్తావమ్మా అని అడుగుతుంటారు. చప్పుడు వింటే రాయలేనుగానీ, చప్పుడు వెనక మనుషులున్నారని గుర్తొస్తే రాయగలను.

మన హైదరాబాదు కవయిత్రి సరోజినీ నాయుడుగారు సాయంకాలపు ప్రార్థన పిలుపు మీద ఇంగ్లీషులో ఒక పద్యం రాశారు. మసీదు నుంచి ఒక పిలుపు, చర్చి నుంచి ఒకటి, పార్సీల అగ్ని ముందు ఒకటి, హిందువులది ఒకటి. నలుగురికీ తలా ఒక చరణం పంచిపెట్టారు. చెవికి ఎంతో ఇంపుగా ఉంటుంది. కానీ అది మేడమీద నిలబడి విన్న పద్యం. అందులో పిలుపులున్నాయి, ఆ పిలుపు విని మోకరిల్లిన మనిషి లేదు. ఆ పద్యంలో ఎవరికీ అద్దె బాకీ లేదు, ఎవరి కొడుకూ ఇంటికి ఉత్తరం రాయడం మానలేదు. మతసామరస్యం మీద ఉపన్యాసాలిచ్చేవాళ్ళకి బాగా పనికొచ్చే పద్యం. ప్రార్థన అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవాళ్ళకి మాత్రం అంతగా పనికిరాదు.

మోకరిల్లిన మనిషి కావాలంటే మేడ దిగి గోలకొండ కోటకి వెళ్ళాలి. అక్కడ రామదాసు బందీఖానా అని చూపిస్తారు. గోడమీద దేవుళ్ళ బొమ్మలు చెక్కి ఉంటాయి, ఆయన చెక్కినవేనంటారు. కంచర్ల గోపన్నది 17వ శతాబ్దం. మేనమామలు అక్కన్న, మాదన్న తానీషా కొలువులో పెద్ద పదవుల్లో ఉన్నారు. ఆ అన్నదమ్ముల పేరు మా వైపు ఈనాటికీ వినబడుతుంది. హరిబౌలిలో ఉన్న మహాకాళి గుడిని అక్కన్న మాదన్నల గుడి అనే పిలుస్తారు. బోనాల ముగింపునాడు అక్కడినుంచే ఘటం ఏనుగెక్కి ఊరేగుతుంది. గోపన్న పాల్వంచ పరగణాకి తహసీల్దారు. సర్కారుకి జమ కట్టవలసిన సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడని ఆయన్ని ఖైదు చేశారు. 12 ఏళ్ళు ఉంచారని ప్రతీతి.

ఆ ఖైదులోంచి వచ్చిన పాటల్ని మనం శ్రీరామనవమి పందిట్లో పానకం తాగుతూ వింటాం. కొంచెం పానకం గ్లాసు పక్కన పెట్టి వినండి. ఒక పాటలో ఆయన రాముడికి లెక్కలు అప్పజెబుతాడు. గుడిచుట్టూ ప్రాకారం కట్టించాను, ఇంత అయింది. భరతుడికి పతకం చేయించాను, ఇంత అయింది. శత్రుఘ్నుడికి మొలతాడు, లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకి ఇంకో పతకం... ప్రతి వస్తువుకీ పక్కన ఖరీదు. తహసీల్దారు కదా! బతుకంతా జమాబందీ రాసిన చెయ్యి దుఃఖంలో కూడా జమాబందీయే రాస్తుంది. మనిషి దేవుడి దగ్గరికి కొత్త భాష నేర్చుకుని వెళ్ళడు, తన ఉద్యోగపు భాషతోనే వెళ్తాడు. మీరు ఒకటి గమనించారో లేదో, ఆ లెక్కలో ప్రాకారానికీ పతకానికీ దాదాపు ఒకటే ధర, పదేసి వేలు. గోడకీ నగకీ ఒకటే ఖరీదు వేసిన ఆ లెక్క ఏ దఫ్తరులోనూ చెల్లదు. దెబ్బలు తిన్నవాడు నోటికొచ్చినట్టు వేసిన లెక్క అది.

ఆ లెక్క అవగానే తిట్లు. ఈ సొమ్మంతా మీ నాన్న ఇచ్చాడా, మీ మామగారు పంపాడా అని నిలదీస్తాడు. కొత్త అల్లుణ్ణి అడగడానికి కూడా మన ఇళ్ళల్లో జంకే మాట అది! తిట్టిన మరుక్షణం తగ్గిపోతాడు. తిట్టానని మనసులో పెట్టుకోకు, దెబ్బలు ఓర్చుకోలేక తిట్టాను అంటాడు. ఇంకో పాటలో రాముణ్ణి వదిలి సీతమ్మని పట్టుకుంటాడు. ఏకాంతంగా ఉన్న సమయం చూసి ఆయన చెవిన నా మాట వెయ్యమ్మా అని బతిమాలుతాడు. నాన్నని అడగలేక అమ్మచేత అడిగించిన పిల్లలం, మామగారితో చెప్పలేక అత్తగారి కాళ్ళకు చుట్టుకున్న కోడళ్ళం, ఈ దారి మనకి తెలియంది కాదు.

లెక్క చెప్పడం, నిలదీయడం, తిట్టడం, తిట్టినందుకు భయపడటం, సిఫార్సు పట్టడం. ఒక మనసు ఇన్ని మెట్లు ఎక్కి దిగింది. ఎందుకు దిగగలిగింది? తిట్టినా చెయ్యి విదిల్చుకుని పోనివాడు ఎదుట ఉన్నాడన్న ధీమాతో. తానీషాని ఒక్క మాట అంటే మెడ మీద తల ఉండదు. మేనమామల్ని అందామంటే ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది. కోపమంతా పోసుకోవడానికి మిగిలిన పాత్ర ఒక్కడే. రాముడు విన్నాడో లేదో నేను చెప్పలేను. గోపన్న మాత్రం ఆ కోపాన్ని మింగి పిచ్చివాడైపోకుండా, దాన్ని చరణాలుగా పేర్చగలిగాడు. అది దైవకృప అనుకునేవారు అనుకోవచ్చు. నాకు మాత్రం అందులో మనసు చేసే పని కనబడుతుంది. 1986లో పెన్నెబేకర్, బీల్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు కాలేజీ విద్యార్థుల చేత వరసగా 4 రోజులు, రోజుకి 15 నిమిషాలు, తమకి తగిలిన పెద్ద దెబ్బ గురించి రాయించారు. రాసిన వెంటనే వాళ్ళకి మనసు మరింత బరువైంది. కానీ తరవాతి నెలల్లో వాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది. చదివి జవాబిచ్చేవాళ్ళెవరూ లేకపోయినా, వరసలో పెట్టి చెప్పడంలోనే ఏదో ఉందన్నమాట.

రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు సిపాయిల వేషంలో దేవుళ్ళు వచ్చి 6 లక్షలు కట్టి గోపన్నని విడిపించారని కథ. నాగయ్యగారు 1964లో తీసిన సినిమాలోనూ, 2006లో వచ్చిన సినిమాలోనూ ఆ ఇద్దరూ రావలసిందే. రాకపోతే టికెట్టు డబ్బులు వెనక్కి అడుగుతాం. కానీ పాటల్లోని మనిషికి ఈ ముగింపు తెలియదు. ఏ పాట ఖైదులో పుట్టింది, ఏ చరణం తరవాత ఎవరు కలిపారు అన్నది పండితులు తేల్చుకుంటారు. పాట లోపల గొంతు మాత్రం రేపేమవుతుందో తెలియని గొంతు. కథ చెప్పేవాడు ముగింపు తెలిసి చెబుతాడు, ప్రార్థించేవాడు తెలియక మాట్లాడతాడు. మన సినిమాలూ సీరియళ్ళూ ప్రార్థనను కథ చెప్పేవాడి వైపు నుంచి రాస్తాయి. ఆ పాటలు అవతలివైపు నుంచి వచ్చాయి కాబట్టే మూడు వందల ఏళ్ళు దాటినా గొంతులో తడి ఆరలేదు.

ఈ ముగింపు పిచ్చి సినిమావాళ్ళదే అనుకోకండి, శాస్త్రజ్ఞులకీ ఉంది. 1872లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే పెద్దమనిషి ఒక వ్యాసం రాశాడు. ప్రార్థనకి ఫలితం ఉంటే లెక్కల్లో కనబడాలి కదా అన్నది ఆయన వాదం. రాజుగారు చల్లగా ఉండాలని దేశమంతా చర్చిల్లో ప్రార్థిస్తుంది, మరి రాజులు ఎంతకాలం బతుకుతున్నారు? చూస్తే, కలిగినవాళ్ళ వర్గాలన్నిటిలోనూ రాజులే తక్కువకాలం బతుకుతున్నారట! 2006లో అమెరికాలో హెర్బర్ట్ బెన్సన్ బృందం ఇంకా పకడ్బందీగా చేసింది. 6 ఆస్పత్రులలో గుండెకి బైపాస్ చేయించుకున్న 1,802 మందిని మూడు జట్లు చేశారు. మొదటి జట్టు కోసం ముక్కూముఖం తెలియని భక్తులు ప్రార్థించారు. రెండో జట్టు కోసం ఎవరూ ప్రార్థించలేదు. తాము ఏ జట్టో ఈ రోగులకి తెలియదు. మూడో జట్టుకి మాత్రం మీ కోసం తప్పకుండా ప్రార్థిస్తున్నారని ముందే చెప్పేశారు. ఆపరేషను తరవాత చిక్కులొచ్చినవాళ్ళు మొదటి జట్టులో నూటికి 52 మంది, రెండో దానిలో 51. మూడో దానిలో 59! అది కాకతాళీయం కావచ్చునని పరిశోధకులే అన్నారు. నాకైతే మంచం మీది మనిషి బెంగ అర్థమవుతూనే ఉంది. మీ కోసం అంతా ప్రార్థిస్తున్నామండీ అంటే, నా పని అంతవరకూ వచ్చిందా అని గుండె జారదూ?

నవ్వుకుని వదిలేద్దామంటే ఇందులో ఒక క్రూరత్వం కూడా ఉంది. ప్రార్థనని ఫలితంతో కొలవడం మొదలుపెడితే, ఫలితం రానప్పుడు తప్పు ఎవరిదో తేల్చాలి. దేవుడిది అనడానికి లేదు. డాక్టరుది అనడానికి ధైర్యం చాలదు. మిగిలింది మొక్కిన మనిషి. సాధారణంగా ఆడమనిషి. నూట ఎనిమిది ప్రదక్షిణలు సరిగ్గా లెక్కపెట్టావా? ముడుపు కట్టినరోజు నువ్వు మైల కాదుగదా? బిడ్డని పోగొట్టుకున్న తల్లి ముందు కూర్చుని ఇలా ఆరాలు తీసినవాళ్ళని నేను చూశాను. ఆ తల్లి ఏడుపాపి, నిజంగానే వేళ్ళు మడిచి ప్రదక్షిణల లెక్క గుర్తు తెచ్చుకోవడమూ చూశాను. మన సీరియళ్ళ గంటలు ఒక ఇంట్లో మోగినప్పుడల్లా, మోగని ఇళ్ళలో ఇలాంటి విచారణ జరుగుతూ ఉంటుంది.

ఈ ఊరికే తెలిసిన పెద్ద ఉదాహరణ 1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరద. నిజాము మహబూబ్ అలీఖాన్ స్వయంగా వచ్చి నదికి పసుపుకుంకాలిచ్చి హారతి పట్టాడని, మూసీ శాంతించిందని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముచ్చటైన కథే, నాకూ ఇష్టమే. కానీ ఆ రోజు సుమారు 15 వేలమంది పోయారంటారు. అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టెక్కి 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. చెట్టు మీదివాళ్ళూ ప్రార్థించే ఉంటారు, కొట్టుకుపోయినవాళ్ళూ ప్రార్థించే ఉంటారు. కథ చెప్పడానికి మిగిలింది చెట్టు మీదివాళ్ళే. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనీ, కూతురినీ పోగొట్టుకుని ఒక్కడూ మిగిలాడు. తరవాత 1961 దాకా బతికి, దేవుణ్ణి ఉద్దేశించి ఎన్నో రుబాయీలు రాశాడు. ఫలితం చూసి మాట్లాడే మనిషైతే ఆ నీళ్ళు తీసిన రోజే మాట్లాడటం మానేసేవాడు.

మన భాషలో ఈ సంగతి బాగా ఎరిగినవాడు పోతన. గజేంద్రమోక్షం కథ ముగింపు పుట్టిన పిల్లకి కూడా తెలుసు. అయినా పోతన ఏనుగుకి ఆ ముగింపు తెలియనివ్వడు. మొసలి కాలు పట్టుకుంది, బలమంతా అయిపోయింది, మొర పెడుతోంది. ఆ మొర మధ్యలో దానికి అనుమానం వస్తుంది. దీనులకి దిక్కు అతడే అంటారు, అసలు ఉన్నాడో లేడో! ప్రార్థన మధ్యలోనే ఆ మాట అనేస్తుంది. అనుమానం వచ్చింది కాబట్టి ప్రార్థన ఆపదు, ప్రార్థిస్తోంది కాబట్టి అనుమానం దాచుకోదు. ఇంతకన్నా నిజమైన మనసుని నేను ఏ మనస్తత్వ గ్రంథంలోనూ చూడలేదు. పైగా అది ఏ దేవుణ్ణీ పేరు పెట్టి పిలవలేదు. అందుకని మిగతా దేవతలంతా మమ్మల్ని కాదులే అని ఊరకే కూర్చున్నారంటాడు పోతన. మన ఆఫీసుల్లో ఏ సెక్షనుకో రాయని అర్జీకి ఎలాంటి గతి పడుతుందో అచ్చంగా అలాగే!

కోఠీలో బి.ఏ. చదివేటప్పుడు ఫిలాసఫీ పాఠాల్లో విలియం జేమ్స్ పేరు విన్నాను. 1902లో వచ్చిన ఆయన గ్రంథం మత విశ్వాసాలను మనసు వైపు నుంచి చూసింది. మతానికి ప్రాణం ప్రార్థనే అని అందులో అంటాడు. రెండేళ్ళ తరవాత ఎవరో ప్రశ్నలు పంపి, మరి మీరు ప్రార్థన చేస్తారా అని అడిగారు. నా వల్ల కాదు, చేస్తే ఏదో నటిస్తున్నట్టుంటుంది అని జవాబు రాశాడు. ఈ జవాబు నాకెంత నచ్చిందో చెప్పలేను. ఈత రానివాడు నీటి గురించి ఇంత మర్యాదగా మాట్లాడటం అరుదు.

మా వెనక వాటాలో ఒకావిడ ఉండేవారు. వీధంతా పెద్దమ్మా అనే పిలిచేది. కొడుకు గల్ఫులో పని. మొదట్లో నెలనెలా డబ్బూ ఫోనూ వచ్చేవి. తరవాత డబ్బు ఆగింది, ఆ తరవాత ఫోనూ ఆగింది. వాడికేం పని ఒత్తిడో, సెలవు దొరకదో అని కోడలి దగ్గర ఎప్పుడూ కొడుకునే వెనకేసుకొచ్చేవారు. ఆ ఏడు మొహర్రంలో బీబీ కా అలావాకి పోయి దట్టీ సమర్పించాలి, తోడు రమ్మంటే వెళ్ళాను. హిందువులు అక్కడికి పోవడం మా పేటలో వింతేం కాదు. ఆవిడ ఆడవాళ్ళ మధ్య ఒక పక్కగా నిలబడి పావుగంటసేపు పెదవులు కదుపుతూనే ఉన్నారు. అంత పొడుగు మొక్కు ఏముంటుందా అని నాకు ఆశ్చర్యం. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగాను.

"మొక్కెంతసేపు బిడ్డా, ఒక్క నిమిషం. మిగిలిందంత వాని మీద చాడీలు జెప్పిన" అన్నారు.

నేను నవ్వితే ఆవిడా నవ్వారు. "ఇంట్ల అంటె కోడలు అందుకుంటది. నీకు జెప్తె నువ్వు కథ రాస్తవు. బీబీ ఎవ్వరికి జెప్పదు."

కొడుకు ఫోను చేశాడా లేదా అని మీకు ఆత్రంగా ఉంటుంది. ఆ సంగతి కావాలనే చెప్పడం లేదు. నేను చూసిన సంగతి వేరే. మర్నాడు పొద్దున ఆవిడ ఒక తెల్లకాగితం పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. అక్కడి మన రాయబార కార్యాలయానికి అర్జీ రాసిపెట్టమన్నారు. కూర్చుని రాస్తుంటే నాకు ఆశ్చర్యం వేసింది. తడబాటు లేదు. ఏ నెలలో వెళ్ళాడు, ఎవరు పంపారు, ఎంత అప్పు చేశారు, చివరి మాట ఏ రోజు మాట్లాడాడు... తేదీలతో సహా వరసగా చెప్పుకుంటూ పోయారు. నేను రెండో కాగితం తీసుకోవలసి వచ్చింది. ఆ అర్జీకి చిత్తుప్రతి ముందురోజే దబీర్‌పురాలో తయారైపోయిందని నాకు అప్పుడు తట్టింది.

మన గోరాగారు వింటే దీనికి ఒప్పుకుంటారా అని ఆలోచించాను. గోపరాజు రామచంద్రరావుగారు 1940లో నాస్తిక కేంద్రం పెట్టి, 1975లో పోయేదాకా ఒకటే చెప్పారు. దేవుడి మీద ఆనుకునే అలవాటు మనిషిని బానిసని చేస్తుంది, తన పనికి తాను బాధ్యుణ్ణన్న సంగతి మరిపిస్తుంది. గాంధీగారితో కూడా ఈ సంగతి ముఖాముఖీ వాదించారు. గోరాగారి అమ్మాయి కులాంతర వివాహం సేవాగ్రాంలో జరపాలనుకున్నప్పుడు, తంతులో దేవుడి పేరు బదులు సత్యం పేరు పెట్టడానికి గాంధీగారు ఒప్పుకున్నారు. ఆయన పోయాక, 1948లో ఆ పెళ్ళి అక్కడే జరిగింది. ఇద్దరు మొండి మనుషులు ఒకరి కోసం ఒకరు ఇంత జరిగి చోటివ్వడం తలుచుకుంటే నాకు ముచ్చటేస్తుంది. గోరాగారి మాటలో నిజముంది. మొక్కేసి చేతులు కట్టుకు కూర్చున్న ఇళ్ళు నేనెరుగుదును. జ్వరం నాలుగో రోజుకి వచ్చాక కూడా డాక్టరుకి బదులు తాయెత్తు కోసం పరిగెత్తిన ఇళ్ళూ ఎరుగుదును. పెద్దమ్మ ఆ జాబితాలోకి రారు. ఆవిడ చేతులు జోడించింది మర్నాడు అర్జీ రాయించడానికే అయినా కాకపోయినా, రాయించారు.

స్త్రీల విషయంలో గోరాగారి వాదానికి ఇంకో మెలిక కూడా ఉంది. 18వ శతాబ్దంలో తరిగొండ వెంగమాంబ చిన్నతనంలోనే విధవరాలైంది. తల గొరిగించుకోమని పెద్దలంతా మీదపడ్డారు. నా భర్త వెంకటేశ్వరుడు, ఆయన ఉండగా నేను విధవనెలా అవుతాను అని ఎదురుతిరిగింది. జుట్టు తీయించుకోలేదు, పుస్తకాలు రాసింది. తిరుమలలో రాత్రి ఏకాంతసేవలో ఇచ్చే ముత్యాలహారతి ఆమె పేరు మీదే. తండ్రి మాట, పంతులు మాట, ఊరి మాట కాదనాలంటే వాళ్ళందరికన్నా పెద్దవాడొకడు తన పక్షాన ఉండాలి. కోర్టులు లేని ఆడది ఆ పైకోర్టుకి వెళ్ళింది. దాన్ని బానిసత్వం అనడానికి నాకు నోరు రాదు.

ఇంత చెప్పి ప్రార్థనకి పల్లకీ ఎత్తుతున్నాననుకునేరు. నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. దేవుడికి చెప్పుకునే సౌకర్యం ఉన్నంతకాలం ఇంట్లోవాళ్ళకి వినవలసిన అవసరం ఉండదు. మా అమ్మ పూజగదిలో గంటసేపు కూర్చుంటుంది, ఆవిడకెంత శాంతో అని కొడుకులు మురిసిపోతారు. ఆ గంటసేపు ఆవిడ ఏం చెప్పుకుంటోందో ఎప్పుడైనా అడిగారా? అడగరు. అడిగితే వినాలి. తలుపు దగ్గరగా వేసి, అగరొత్తుల వాసన బయటికొస్తుంటే, ఇల్లు ప్రశాంతంగా ఉందనుకుంటారు. మన నవలల్లో పూజగది చాలాసార్లు వస్తుంది. రాగి చెంబు, కుంకుమ భరిణె, ఒత్తుల డబ్బా అన్నీ వర్ణిస్తాం. ఆ గదిలో ఆమె పెదవుల మీద మాట మాత్రం మనకి వినబడదు. ఎవరి పేరు తలుచుకుని పళ్ళు కొరుకుతోందో, ఎవరు తొందరగా పోతే బాగుండునని కోరుకుని వెంటనే లెంపలేసుకుంటోందో రాయం. గోపన్న ఒక మహాప్రభువుని తిట్టినట్టు మన కథల్లో ఏ గృహిణీ తిట్టదు. తిట్టకుండానే ఉంటుందంటారా?

పెద్దమ్మ కోడలు తరవాతెప్పుడో మాటల్లో నాకు ఒక సంగతి చెప్పింది. తానూ ప్రతి మంగళవారం వీధి చివర అమ్మవారి గుడికి పోతుందట. ఏం కోరుకుంటావు అన్నాను. "కోరేదేం లేదక్కా, మా అత్తమ్మ మీద చెప్పుకుంట. ఆమె కొడుకు తప్పు ఆమె ఒప్పుకోదు, నాకు మండుతది" అంది. ఆటోలో విన్న చాడీలు నాకు గుర్తొచ్చి నోటిదాకా వచ్చాయి. ఆ పిల్ల విని ఉంటే ఎంత తెరిపిన పడేదో! కానీ బీబీ ఎవరికీ చెప్పదన్న నమ్మకంతో పెద్దమ్మ చెప్పిన మాటలవి. నేను చెప్పలేదు. ఇద్దరూ ఒకటే పొయ్యి మీద వండుకునేవారు, వారంలో ఒకరోజు ఇటూ, ఏడాదిలో ఒకరోజు అటూ పోయి, ఒకే మనిషి మీద అవే ఫిర్యాదులు రెండుచోట్ల వినిపించి, తిరిగొచ్చి ఒకరికొకరు మంచినీళ్ళందించుకునేవారు.